సృష్టికర్త ఎక్కడ? ఆధునిక సందేహం ముందు యూదు తత్వం

హెర్మన్ కోహెన్ గురించి ఒక కథ చెబుతారు. ఆయన జర్మనీలోని మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో 1876 నుంచి తత్వశాస్త్ర ఆచార్యుడు, 18వ శతాబ్దపు జర్మన్ తత్వవేత్త కాంట్ ఆలోచనను కొత్త తరానికి అందించిన పెద్దల్లో ఒకడు. ఒకసారి ఆ ఊరి యూదు వృద్ధుడొకరికి దేవుడి గురించి తన భావనను ఓపికగా వివరించాడట. దేవుడు ఎక్కడో కూర్చున్న వ్యక్తి కాడు, నీతికి ఆధారమైన భావన. మనిషి చేయాల్సిన మంచి ఎప్పటికైనా ఈ ప్రకృతిలోనే నెరవేరుతుందన్న భరోసాకు మరో పేరు. ముసలాయన శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక ఒక్క మాట అడిగాడు: "బాగుంది. మరి బోరే ఓలాం ఎక్కడ?" లోకాన్ని సృష్టించినవాడు అని ఆ హీబ్రూ మాటకు అర్థం. కోహెన్ దగ్గర జవాబు లేకపోయింది. ఆయన కళ్ళనీళ్లు పెట్టుకున్నాడు.

గత రెండున్నర శతాబ్దాల యూదు తత్వాన్ని ఈ ఒక్క ప్రశ్న చుట్టూ చెప్పవచ్చు. శాస్త్రానికీ హేతువుకూ నిలబడే దేవుణ్ణి చూపించబోతే, ప్రార్థనలో పిలిస్తే పలికే దేవుడు చేజారిపోతాడు. పలికే దేవుణ్ణే పట్టుకుందామంటే సందేహి అడిగిన దానికి జవాబుండదు. ఈ ఇరుకులోంచి యూదు ఆలోచనాపరులు వెతికిన దారుల్లో గట్టివన్నీ దేవుడున్నాడని రుజువు చేసే పని నుంచి పక్కకు జరిగినవే. అలా జరగడాన్ని తప్పించుకోవడం అనుకునేవాళ్లున్నారు. అది అన్యాయం. అసలు నమ్మకం అంటే ఏమిటన్న దాని మీద ఆ సంప్రదాయానికి మొదటి నుంచీ వేరే లెక్క ఉంది.

ఆ లెక్క తెలుగువాళ్లకు సులువుగానే అందుతుంది. మన భాషలో నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. "దేవుడున్నాడని నమ్ముతాను" అన్నది ఒక అభిప్రాయం. "దేవుణ్ణి నమ్ముకున్నాను" అన్నప్పుడు ఒక బతుకంతా అందులో ఉంటుంది. భూమిని నమ్ముకున్న రైతు భూమి ఉందా లేదా అని వాదించడు. అది తనను ముంచుతుందేమోనన్నదే అతని దిగులు. హీబ్రూ బైబిల్లో విశ్వాసానికి వాడే "ఎమునా" అన్న మాట ఈ రెండో అర్థానికే దగ్గర. మనందరికీ తెలిసిన "ఆమెన్" కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. నిర్గమకాండం 17వ అధ్యాయంలో అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా మోషే చేతులు అలసిపోతాయి. అహరోను, హూరు చెరో పక్కా నిలబడి పట్టుకుంటే సూర్యాస్తమయం దాకా ఆ చేతులు "ఎమునా"గా ఉన్నాయంటుంది గ్రంథం. అక్కడ ఆ మాటకు నిలకడ అని అర్థం. బుర్రలో ఉండే అభిప్రాయాన్ని చెప్పే మాటైతే చేతుల గురించి వాడరు.

అందుకే ఆ సంప్రదాయంలో పాత సందేహం కూడా "దేవుడు లేడు" అన్న రూపంలో కనిపించదు. రబ్బీల, అంటే యూదు మతగురువుల, సాహిత్యంలో మతభ్రష్టుడి మాటగా వినిపించేది మరొకటి: "తీర్పూ లేదు, తీర్పరీ లేడు." న్యాయం ముందు కూలుతుంది, న్యాయమూర్తి తర్వాత మాయమవుతాడు. రబ్బీల వాదోపవాదాల సంకలనమైన తాల్ముద్‌లో ఎలీషా బెన్ అబూయా అనే పండితుడి పతనానికి చెప్పే కారణాల్లో ఒకటి ఇలా ఉంటుంది. ఒక తండ్రి కొడుకును కట్టడం మీదికెక్కి పక్షి పిల్లలను తెమ్మన్నాడు. పిల్లవాడు ఎక్కాడు, తల్లిపక్షిని వదిలేసి పిల్లలను తీసుకున్నాడు, దిగుతూ పడి చనిపోయాడు. తండ్రిని గౌరవిస్తే దీర్ఘాయువు అని తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, మాట ఇచ్చింది. తల్లిపక్షిని వదిలేస్తే దీర్ఘాయువు అని కూడా మాట ఇచ్చింది. పిల్లవాడు ఒకే క్షణంలో రెండూ చేసి చచ్చిపోయాడు. అది చూసిన ఎలీషా దారి తప్పాడట. ఆ తర్వాత రబ్బీలు అతని పేరు కూడా పలకలేదు, "అఖెర్" అన్నారు, అంటే "ఆ ఇంకొకడు". అయితే అతని కథను తీసేయకుండా పవిత్రగ్రంథంలోనే ఉంచుకున్నారు.

మధ్యయుగంలో ఈ విషయం మీద రెండు పక్షాలు ఏర్పడ్డాయి. స్పెయిన్ కవి యూదా హలేవీ 12వ శతాబ్దంలో రాసిన సంభాషణలో ఖజారుల రాజు యూదు పండితుణ్ణి నీ మతం ఏమిటని అడుగుతాడు. ఆకాశాన్నీ భూమినీ సృష్టించిన దేవుణ్ణి నమ్ముతానని చెప్పకుండా, మా పూర్వీకులను ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయటికి తెచ్చిన దేవుణ్ణి నమ్ముతానంటాడు పండితుడు. సీనాయి కొండ మీద వినిపించిన పది మాటల్లో మొదటిది అలాగే మొదలవుతుంది కదా! తర్కం ఇచ్చే దేవుడు వేరు, చరిత్రలో ఎదురైన దేవుడు వేరు అన్నది హలేవీ పక్షం. 1204లో మరణించిన యూదు తత్వవేత్త మైమోనిడీస్‌ది ఇందుకు ఎదురు పక్షం. ఆయన ధర్మశాస్త్ర సంకలనం తొలి వాక్యంలోనే అన్నిటికీ మూలమైన ఆది సత్త ఒకటుందని "తెలుసుకోవడం" పునాదులకు పునాది అంటాడు. అంతటితో ఆగి ఉంటే సందేహికి ఆయన్ని ఎదుర్కోవడం తేలికయ్యేది. ఆయన ఆగలేదు. దేవుడికి ఏ గుణాన్నీ అంటగట్టలేమన్నాడు. "జ్ఞాని" అంటే అజ్ఞాని కాడని మాత్రమే అర్థం, "బలవంతుడు" అంటే బలహీనుడు కాడని మాత్రమే. దేవుడికి చేతులూ కోపమూ ఉన్నాయని అక్షరాలా నమ్మేవాడు విగ్రహారాధకుడి కంటే ఎక్కువ తప్పు చేస్తున్నాడన్నాడు. నేటి నాస్తికుడు కొట్టిపారేసే దేవుళ్లలో చాలామందిని మైమోనిడీస్ ఎనిమిది వందల ఏళ్ల కిందటే కొట్టిపారేశాడు.

ఆయన మీద వచ్చిన అభ్యంతరాల్లో 1410 ప్రాంతంలో స్పెయిన్ యూదు తత్వవేత్త హస్దాయ్ క్రెస్కస్ లేవనెత్తినదాన్ని మరిచిపోకూడదు. దేవుడున్నాడని నమ్మడం ఒక ఆజ్ఞ ఎలా అవుతుంది? ఆజ్ఞ అంటేనే ఆజ్ఞాపించేవాడు ముందే ఉండాలి. "నేనున్నానని నమ్ము" అన్న ఆజ్ఞకు లోబడాలంటే అప్పటికే నమ్మి ఉండాలి. ఈ చిక్కుముడి విప్పడానికి ఐదు వందల ఏళ్లు పట్టింది.

ఆధునిక సందేహం ఒక యూదు ఇంట్లోనే పుట్టిందనవచ్చు. 1656 జూలై 27న ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం 23 ఏళ్ల బారూఖ్ స్పినోజాను వెలివేసింది. 1670లో పేరు లేకుండా వచ్చిన ఆయన పుస్తకం తోరాను మోషే రాయలేదంది, ప్రకృతి నియమాలను దాటే అద్భుతాలు జరగవంది. దేవుడూ ప్రకృతీ ఒకటే అన్నది ఆయన తత్వం. దేవుడు లేడని స్పినోజా ఎక్కడా అనలేదు. దేవుడు తప్ప ఇంకేమీ లేదన్నాడు. పోయింది మాత్రం మాట్లాడే దేవుడు. ఆజ్ఞలిచ్చే, ఒడంబడిక చేసుకునే, ప్రార్థన వినే దేవుడికి ఆ వ్యవస్థలో చోటు లేదు. స్పినోజా దేవుణ్ణి ప్రేమించవచ్చు గానీ, ఆ దేవుడు తిరిగి ప్రేమిస్తాడని ఆశించకూడదు.

బెర్లిన్‌లో 18వ శతాబ్దపు యూదు తత్వవేత్త మోజెస్ మెండెల్‌సోన్ ఇందుకు రెండు రకాలుగా జవాబిచ్చాడు. వాటిలో ఒకటి కూలింది, ఒకటి నిలిచింది. 1785లో వచ్చిన "ప్రభాత వేళలు" కూలినది. కొడుకు యోసెఫ్‌కూ అతని స్నేహితులకూ పొద్దున్నే చెప్పిన పాఠాల రూపంలో అందులో దేవుడి ఉనికికి రుజువులిచ్చాడు. అప్పటికే కాంట్ 1781లో అలాంటి రుజువులన్నిటి కాళ్లూ నరికేశాడు. మెండెల్‌సోన్‌కు అది తెలుసు. "అన్నిటినీ పిండి చేసే కాంట్" అని ముందుమాటలో ఆయనే రాశాడు. 1763లో బెర్లిన్ అకాడమీ వ్యాసపోటీలో మెండెల్‌సోన్‌కు మొదటి స్థానం, కాంట్‌కు రెండోది. ఇరవై ఏళ్లలో లోకం తలకిందులైంది.

నిలిచిన జవాబు 1783 నాటి "జెరూసలేం"లో ఉంది. మోషే ధర్మశాస్త్రంలో "నమ్ము" అనే ఆజ్ఞ ఒక్కటి కూడా లేదు, అన్నీ "చెయ్యి", "చెయ్యకు" అనేవే అన్నాడు మెండెల్‌సోన్. సత్యాలు హేతువు ద్వారా మనుషులందరికీ అందుతాయి, సీనాయి దగ్గర అందింది ఒక జీవనవిధానం మాత్రమే. ఈ ఒక్క మాటతో యూదు మతం సందేహి బాణం తగిలే చోటు నుంచి కొంచెం జరిగి నిలబడింది. అందుకు చెల్లించిన వెల కూడా చిన్నది కాదు. సత్యం అందరిదీ అయినప్పుడు ఈ ఆచారాలన్నీ ఎందుకన్న ప్రశ్న ఆయన ఇంట్లోనే తలెత్తింది. పెరిగి పెద్దయిన ఆరుగురు పిల్లల్లో నలుగురు క్రైస్తవులయ్యారు.

కోహెన్ కథకు తిరిగి వస్తే, ఆయన చేసిన పని ఎంత గొప్పదో ఇప్పుడు అర్థమవుతుంది. రుజువులు పోయాక కూడా దేవుడన్న మాటకు హేతువులో చోటు ఉందని చూపించాడాయన. వస్తువులు ఉన్నట్టు దేవుడు ఉండడు. మనిషి చేయాల్సిన న్యాయం వ్యర్థం కాదన్న భావనగా ఉంటాడు. సందేహి దీన్ని తోసిపుచ్చలేడు, ఎందుకంటే న్యాయం కోసం పాటుపడే ప్రతి మనిషీ ఆ భావనను ఏదో రూపంలో మోస్తూనే ఉన్నాడు. కానీ భావనకు చెవులు లేవు. ముసలాయన పట్టుకున్నది అదే. కోహెన్ ఏడ్చాడంటే, అది ఆయనకూ తెలుసు. ఆయన 1918లో మరణించాడు. జర్మన్ సంస్కృతీ యూదు ప్రవక్తల నీతీ ఒకే గూటివని నమ్మిన ఆ మనిషి భార్య మార్తాను 1942లో నాజీలు థెరేజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆమె అక్కడే చనిపోయింది.

కోహెన్ చివరి రోజుల్లో ఆయన పాఠాలు విన్న ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ దారి మార్చాడు. 1913లో క్రైస్తవం తీసుకోవాలని నిర్ణయించుకున్నాడు. యూదుడిగానే ఆ గడప దాటాలనుకుని ఆ ఏడాది యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు బెర్లిన్‌లోని ఒక ప్రార్థనామందిరానికి వెళ్లాడు. ఆ తర్వాత ఇక మతం మారలేదు. లోపల ఏం జరిగిందో ఆయన ఎవరికీ విడమరచి చెప్పలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో బాల్కన్ రంగం నుంచి ఇంటికి పంపిన సైనిక పోస్టుకార్డుల మీద "విమోచన నక్షత్రం" రాయడం మొదలుపెట్టాడు. 1921లో పుస్తకం వచ్చింది. చావుభయంతో మొదలవుతుందది. "సర్వం ఒక్కటే" అని చెప్పే తత్వాలన్నీ చస్తానేమోనని వణికే ఒంటరి మనిషిని లెక్కలోంచి తీసేశాయన్నది ఆయన ఆరోపణ.

క్రెస్కస్ వేసిన ముడి విప్పింది కూడా ఈ పుస్తకమే. "నీ దేవుణ్ణి ప్రేమించు" అని ఆజ్ఞాపించడం ఎలా సాధ్యం? ప్రేమను ఎవరైనా ఆజ్ఞాపించగలరా? మూడో మనిషి చెబితే అది అర్థం లేని ఆజ్ఞే. ప్రేమించేవాడే "నన్ను ప్రేమించు" అంటే, ఆ మాటే ప్రేమ. దాని వెనక వేరే రుజువు ఉండదు, అక్కర్లేదు కూడా. సీనాయి మీద వినిపించింది దేవుడి గురించిన సమాచారం కాదని, ఒక పిలుపని రోజెన్‌జ్వైగ్ భావం. పిలుపు నిజమా అబద్ధమా అని తేల్చే ప్రయోగం లేదు. పలకడమో పలకకపోవడమో ఉంటుంది. రోజూ ప్రార్థనలో చేతికీ నుదుటికీ కట్టుకునే తోలుపెట్టెలు, తెఫిల్లిన్, కట్టుకుంటున్నావా అని ఎవరో అడిగితే "ఇంకా లేదు" అన్నాడని చెబుతారు. నాస్తికుడి "లేదు"కూ ఛాందసుడి "అవును"కూ మధ్య ఆ రెండు మాటల్లో ఎంత చోటుందో! 1922లో కండరాలు చచ్చుబడే జబ్బు పట్టుకుంది. మాట పోయాక కూడా, భార్య ఎడిత్ సాయంతో ఒక్కో అక్షరం చూపిస్తూ, 1929లో చనిపోయేదాకా రాశాడు.

ఆయన స్నేహితుడు మార్టిన్ బూబర్ 1923లో ఇదే సంగతిని మరింత తేటగా చెప్పాడు. మనిషి లోకంతో రెండు రకాలుగా మాట్లాడతాడు: "అది" అంటాడు, లేదా "నువ్వు" అంటాడు. దేవుడు ఎన్నటికీ "అది" కాలేని "నువ్వు". అందువల్ల దేవుడి గురించి మాట్లాడినప్పుడల్లా ఆయన జారిపోతాడు, దేవుడితో మాట్లాడినప్పుడే ఎదురవుతాడు. తెలుగు భక్తులకిది కొత్త కాదు. దేవుణ్ణి "నువ్వు" అని నిలదీసి తిట్టే స్వాతంత్ర్యం మన కీర్తనల్లో ఎంతైనా ఉంది. 1952లో, నాజీలు యూదులను ఊచకోత కోసిన మహావిధ్వంసం (హోలోకాస్ట్) తర్వాత, బూబర్ ఈ కాలాన్ని దేవుడి గ్రహణం అన్నాడు. గ్రహణం పట్టినప్పుడు సూర్యుడికి ఏమీ కాదు, సూర్యుడికీ మన కళ్ళకూ మధ్య ఏదో అడ్డొస్తుంది. అందమైన పోలికే. కానీ అడ్డొచ్చినది తొలగడానికి అరవై లక్షల ప్రాణాలు ఎందుకు పోవాలన్న ప్రశ్న దీనికి లొంగదు.

అమెరికాలో మోర్డెకై కాప్లాన్ ఇంకో కొసకు వెళ్లాడు. 1934 నాటి తన పుస్తకంలో యూదు మతాన్ని ఒక నాగరికతగా చూశాడు. దేవుడంటే మనిషిని మేలు వైపు నడిపించే శక్తి అన్నాడు. నిజాయితీ ఉన్న ఆలోచన. కాకపోతే మార్‌బుర్గ్ ముసలాయన ఇక్కడ కూడా అదే ప్రశ్న అడిగేవాడు. 1945లో కాప్లాన్ కొత్త ప్రార్థనాపుస్తకం తెస్తే న్యూయార్క్‌లో సనాతన రబ్బీలు ఆయన్ని వెలివేశారు, ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. యూరప్‌లో యూదు గ్రంథాలు తగలబడిన మంట ఇంకా ఆరని ఏడాది అది!

హోలోకాస్ట్ తర్వాత సందేహం స్వరం మారింది. కాంట్, డార్విన్ లేపిన ప్రశ్నలు చిన్నబోయాయి. ఎలీషా ప్రశ్న తిరిగొచ్చింది, ఒక పిల్లవాడికి బదులు పది లక్షలకు పైగా పిల్లలతో. అమెరికా రబ్బీ రిచర్డ్ రూబెన్‌స్టైన్ అనుభవం ఇందుకు సాక్ష్యం. 1961 ఆగస్టులో, బెర్లిన్ గోడ లేస్తున్న రోజుల్లో, ఆయన హైన్రిష్ గ్రూబర్ అనే ప్రొటెస్టెంట్ మతాధికారిని కలిశాడు. గ్రూబర్ మంచి మనిషి. యూదులకు సాయం చేసినందుకు జాఖ్సెన్‌హౌసెన్, డాఖౌ శిబిరాల్లో నరకం చూసినవాడు, అదే ఏడాది జెరూసలేంలో నాజీ అధికారి ఐఖ్‌మన్ విచారణలో అతని మీద సాక్ష్యం చెప్పినవాడు. ఆయన నింపాదిగా, దేవుడి చిత్తం ప్రకారమే ఇదంతా జరిగిందన్నాడు. దేవుడు చరిత్రను నడిపిస్తాడని నమ్మితే హిట్లర్‌ను కూడా ఆయన చేతి పనిముట్టు అనక తప్పదని రూబెన్‌స్టైన్‌కు ఆ క్షణంలో అర్థమైంది. అలాంటి దేవుణ్ణి నమ్మలేనని 1966లో పుస్తకం రాశాడు. ఆయన విశ్వాసాన్ని పడగొట్టింది ఒక నాస్తికుడి వాదం కాదు, ఒక ఆస్తికుడి నిష్ఠ.

దీనికి వచ్చిన జవాబుల్లో ఏదీ పూర్తిగా తృప్తినివ్వదు, ఇవ్వకపోవడమే సబబు. జాఖ్సెన్‌హౌసెన్ నుంచి బయటపడిన ఎమిల్ ఫాకెన్‌హైమ్ తోరాలోని 613 ఆజ్ఞలకు 614వదాన్ని చేర్చాడు: చచ్చిన హిట్లర్‌కు గెలుపు ఇవ్వకూడదు, కాబట్టి ఇశ్రాయేలు దేవుడి మీద ఆశ వదులుకోకూడదు. ఇందులోని మొండి ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. అయినా విశ్వాసానికి హిట్లర్‌ను ఆధారం చేయడం సరైనదేనా అన్న అభ్యంతరం తీసిపారేయదగింది కాదు. తల్లిని ఆష్విట్జ్ నాజీ మరణశిబిరంలో పోగొట్టుకున్న హాన్స్ యోనాస్ 1984లో ట్యూబింగెన్ ఉపన్యాసంలో దేవుడు సర్వశక్తిమంతుడన్న మాటనే వదిలేశాడు. లోకానికి చోటివ్వడం కోసం దేవుడు తనను తాను కుదించుకున్నాడని చెప్పే కబ్బాలా (యూదు మార్మిక సంప్రదాయం) భావన "త్సిమ్‌త్సుమ్"ను ఆసరాగా తీసుకున్నాడు. ఆయన దేవుడు ఆపగలిగీ ఆపనివాడు కాడు, ఆపలేకపోయినవాడు. 1943లో ఆష్విట్జ్‌లో 29 ఏళ్లకే చనిపోయిన డచ్ యువతి ఎట్టీ హిలెసుమ్ డైరీలో ఇంతకంటే ముందే ఈ భావం ఉంది: నువ్వు మాకు సాయం చేయలేవు, మేమే నీకు సాయం చేయాలి.

యెషయాహు లైబోవిట్స్ వీటన్నిటినీ తోసేశాడు. జెరూసలేంలో రసాయనశాస్త్రం చెప్పిన ఈ సనాతన యూదుడి దృష్టిలో ఆష్విట్జ్ వల్ల నమ్మకం పోయినవాళ్లు ఎన్నడూ దేవుణ్ణి నమ్మలేదు, దేవుడి సాయాన్ని నమ్మారు. ప్రతిఫలం లేకుండా ఆజ్ఞలు పాటించడమే విశ్వాసం, మిగతాదంతా బేరం. తర్కంగా చూస్తే ఈ కోట బద్దలు కాదు. విజ్ఞానశాస్త్రం, చరిత్ర, మహావిధ్వంసం, ఏదీ దాన్ని తాకలేదు. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లిని "నువ్వు బేరమాడావు" అనడం కటువు. ఎమునా అంటే నమ్ముకోవడమైతే, నమ్ముకున్నవాడికి నిలదీసే హక్కు కూడా ఉంటుంది. సొదొమ పట్టణం కోసం అబ్రాహాము ఆ హక్కుతోనే దేవుడితో వాదించాడు.

ఈ హక్కునూ ఆచరణనూ ఒక్కచోట పట్టుకున్నవాడు ఎమ్మాన్యుయేల్ లెవినాస్. లిథువేనియాలో తండ్రినీ తమ్ముళ్లనూ నాజీలు చంపారు. ఫ్రెంచి సైనికుడిగా దొరికిన ఆయన ఐదేళ్లు జర్మన్ల చెరలో గడిపాడు. 1955 నాటి ఒక ప్రసంగంలో, చిన్నపిల్లల దేవుడు, అంటే బహుమతులూ శిక్షలూ పంచే దేవుడు, ఖాళీ చేసిన ఆకాశం కింద నాస్తికత్వం సహజమైన ముగింపే అన్నాడు. పెద్దవాళ్ల మతం ఆ ఖాళీని దాటి వెళ్లాలి. ఎలా? ఎదుటి మనిషి ముఖం "నన్ను చంపకు" అంటున్నప్పుడు దానికి పలకడం ద్వారా. దేవుడికంటే ఎక్కువగా తోరాను ప్రేమించడం అన్నది ఆ ప్రసంగం పేరు. దాని వెనక ఒక పాత మిద్రాష్, అంటే రబ్బీలు చెప్పిన బైబిలు వ్యాఖ్యానం, ఉంది. యిర్మీయా గ్రంథంలో "నన్ను వదిలేశారు, నా ధర్మాన్నీ పాటించలేదు" అని దేవుడు ఫిర్యాదు చేస్తే, రబ్బీలు ఆ వాక్యాన్ని ఇలా చదివారు: నన్ను వదిలేసినా సరే, నా తోరాను పాటించి ఉంటే బాగుండేది! తనను మరిచిపోయినా ఫర్వాలేదనే దేవుణ్ణి ఊహించగలిగిన సంప్రదాయం సందేహి ముందు వణకాల్సిన పనిలేదు.

అయితే ముసలాయన ప్రశ్న? దాన్ని తిరగేసి చూపినవాడు అబ్రహాం జాషువా హెషెల్. బైబిల్లో దేవుడు మనిషిని అడిగిన మొట్టమొదటి ప్రశ్న కూడా "ఎక్కడ" అన్నదే. చెట్ల మధ్య దాక్కున్న ఆదామును "నువ్వెక్కడ?" అని అడుగుతాడు. మనిషి దేవుణ్ణి వెతుకుతున్నాడనుకుంటాం గానీ దేవుడే మనిషిని వెతుకుతున్నాడన్నాడు హెషెల్ 1955లో. తల్లినీ అక్కచెల్లెళ్లనూ నాజీల చేతుల్లో కోల్పోయిన ఈ వార్సా మనిషి 1965లో అలబామాలోని సెల్మాలో నల్లవారి ఓటుహక్కు కోసం మార్టిన్ లూథర్ కింగ్ వరసలో నడిచాడు. తన కాళ్లు ప్రార్థన చేస్తున్నట్టు అనిపించిందన్నాడు. మోషే చేతుల్లో ఉన్న ఎమునా ఇక్కడ కాళ్లలోకి వచ్చింది.

తాల్ముద్‌లో అఖెర్ కథకు మరో ఘట్టం ఉంది. వెలివేసిన గురువును శిష్యుడు రబ్బీ మెయిర్ మాత్రం వదల్లేదు. ఒక సబ్బాతు రోజు, అంటే యూదుల వారపు విశ్రాంతి దినాన, ఎలీషా నియమం తప్పి గుర్రమెక్కి పోతున్నాడు. మెయిర్ అతని వెనకే నడుస్తూ తోరా నేర్చుకుంటున్నాడు. సబ్బాతు నాడు ఊరు దాటి 2,000 మూరలకు మించి నడవకూడదు. మాటల్లో పడి మెయిర్ ఆ సంగతి మరిచిపోయాడు. ఎలీషా గుర్రం పగ్గం లాగాడు. "మెయిర్, వెనక్కి వెళ్లు. గుర్రం అడుగులు లెక్కపెడుతూనే ఉన్నాను, సబ్బాతు హద్దు ఇక్కడికే" అన్నాడు.

"మీరూ వెనక్కి రండి" అన్నాడు మెయిర్.